మూత విప్పి చూసే హక్కు: కారు సీటు మొరాయిస్తే గుర్తుకు రావాల్సిన జి.డి.నాయుడు

కారెక్కి తలుపు వేయగానే డ్రైవరు సీటు తనంతట తానే జరిగి, నిన్న మనం సర్దుకున్న చోటుకే వచ్చి ఆగుతుంది. దీన్నే మెమరీ సీటు అంటున్నారు. ఒకప్పుడు బాగా ఖరీదైన కార్లకే ఉన్న ఈ సౌకర్యం ఇప్పుడు మధ్యస్థాయి కార్లలోకీ వచ్చింది. ఆ కార్లు పాతబడి చేతులు మారుతున్న కొద్దీ సీట్లు మొరాయించడమూ మొదలైంది. మీట నొక్కితే కదలదు. కదిలినా అర అంగుళం పోయి ఆగిపోతుంది. లేదంటే చక్కగానే జరుగుతుంది కానీ, పాత చోటును మాత్రం మరిచిపోతుంది.

అప్పుడు యజమాని ముందు రెండు దారులుంటాయి. ఒకటి, సీటు కిందున్న కంట్రోల్ యూనిట్‌ను మొత్తంగా మార్చేయడం. రెండోది, అసలు జబ్బెక్కడుందో వెతకడం. మొదటిదానికి డబ్బు కావాలి. రెండోదానికి ఒక మల్టీమీటరు, ఒక టార్చిలైటు, బోలెడు ఓపిక కావాలి. వాటితో పాటు ఆ యంత్రాన్ని విప్పి చూసే అవకాశం కూడా ఉండాలి.

గుజరాత్‌లోని సూరత్ నగరంలో పర్వత్ పాటియా, లింబాయత్ వైపు ఉండే తెలుగువాళ్లకు ఈ రెండో దారి కొత్త కాదు. తెలంగాణ పల్లెల నుంచి సాంచాల మీద పనికి వలస వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా అక్కడ ఉంటున్నాయి. సూరత్ నగర పాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే ఆ జనం ఎంతమందో ఊహించుకోవచ్చు. మరమగ్గం ఆగితే కూలి ఆగినట్టే. అందుకే సాంచా నడిపేవాడికి అది ఎందుకు ఆగిందో తెలుసుకోవడం కూడా పనిలో భాగమే. మోటారు వైండింగ్, ఎంబ్రాయిడరీ మిషన్ల రిపేరు, కార్ల వైరింగ్ లాంటి పనులు ఆ విద్యకు దగ్గరి చుట్టాలు.

బడిలో నేర్పని ఈ విద్యతోనే ఒక తెలుగింటి మనిషి దక్షిణాదిలో ఒక పారిశ్రామిక నగరం రూపురేఖల్ని మార్చారు. ఆయన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. కోయంబత్తూరులో ఆయన్ని జి.డి.నాయుడు అంటారు. భారతదేశపు ఎడిసన్ అని కూడా పిలుచుకుంటారు.

2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద సుమారు 10 కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు ఆయన పేరు పెట్టినప్పుడు తమిళనాడులో చర్చ నడిచింది. వీధుల పేర్లలో కులం పేర్లు ఉండకూడదని ప్రభుత్వం చెబుతున్న రోజుల్లోనే ఈ పేరులో నాయుడు అన్న మాటను ఎలా ఉంచారన్నది ఆ చర్చ. ఆ గొడవలో మనిషి కథ పక్కకు పోయింది. ఆయన జీవితాన్ని ఇప్పుడు చదవాల్సిన కారణం వేరే ఉంది. విప్పి చూడనిచ్చిన ప్రతిచోటా ఆయన గెలిచారు. అనుమతి అడగాల్సి వచ్చిన చోట ఓడిపోయారు. ఈనాటి కారు సీటు దగ్గర కూడా ప్రశ్న అదే.

బడి కన్నా బండి ఎక్కువ నేర్పింది

నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో పుట్టారు. విజయనగర, నాయక రాజుల కాలంలో కొంగునాడుకు వెళ్లి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాల్లో వారిదొకటి. ఇంట్లో తెలుగు, ఊళ్లో తమిళం. పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. చదువు ఒంటబట్టలేదు. పంతుళ్ల మీద ఇసుక చల్లి పారిపోయేవాడని ఆయన గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. బడి చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయింది.

పదహారేళ్లు దాటిన వయసులో ఊరి దారిలో ఒక దృశ్యం ఆయన్ని పట్టేసింది. ఒక బ్రిటిష్ రెవెన్యూ అధికారి రడ్జ్ మోటారు సైకిలు మీద వచ్చాడు. గుర్రం లేదు, ఎద్దు లేదు, బండి మాత్రం పరుగెడుతోంది. అలాంటిదాన్ని సొంతం చేసుకోవాలన్న పట్టుదలతో ఆ కుర్రవాడు కోయంబత్తూరు చేరి ఒక హోటల్లో సర్వరుగా కుదిరాడు. పైసా పైసా కూడబెట్టి చివరికి ఆ మోటారు సైకిలును కొన్నాడు.

కొన్నవాడు దాని మీద ఊరేగలేదు. ముక్కలు ముక్కలుగా విప్పాడు. ఏ ముక్క దేన్ని కదుపుతుందో చూసుకుని మళ్లీ బిగించాడు. ఆయన చదివిన ఇంజినీరింగ్ పుస్తకం అదే. అప్పటి మోటారు సైకిలులో ఒక సుగుణం ఉంది. అందులో దాచినదేమీ లేదు. పెట్రోలు ఏ గొట్టంలోంచి వస్తుందో, నిప్పురవ్వ ఎక్కడ పుడుతుందో కళ్లతో చూడొచ్చు, చేత్తో తాకొచ్చు. స్పానరు ఉన్నవాడికల్లా అది పాఠం చెప్పేది.

పత్తిలో పోయింది, బస్సులో వచ్చింది

మెకానిక్‌గా కుదురుకున్న నాయుడు అక్కడితో ఆగలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తిరుప్పూరులో పత్తి జిన్నింగ్ వ్యాపారం పెట్టి బాగా సంపాదించారు. ఆ ఊపులో బొంబాయి పత్తి మార్కెట్లో దిగి చేతులు కాల్చుకున్నారు. సంపాదించిందంతా పోయింది.

మళ్లీ యంత్రం దగ్గరికే వచ్చారు. కోయంబత్తూరులో మిల్లులు, కాఫీ వ్యాపారం నడిపే సర్ రాబర్ట్ స్టేన్స్ ఈ కుర్రవాడి చేతి పనిని గుర్తించి సాయం చేశారు. ఆ అండతో 1920లో నాయుడు ఒక బస్సు కొన్నారు. పొల్లాచ్చి, పళని మధ్య తానే డ్రైవరై నడిపారు. తర్వాత యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే సంస్థ పుట్టింది. యూఎంఎస్ అన్న మూడక్షరాలు కొంగునాడులో రవాణాకు మారుపేరయ్యాయి. 1933 నాటికి ఆ సంస్థకు 280 బస్సులున్నాయి.

ఒక్క బస్సు నడపడం వేరు, 280 బస్సుల్ని వేళకు నడపడం వేరు. యూఎంఎస్‌కు పేరు తెచ్చింది సమయపాలన. టికెట్లు ఇచ్చే యంత్రాన్ని కూడా నాయుడు తయారు చేశారు. దారి మధ్యలో ఆగిన బస్సుకు ఏ భాగం మార్చాలో ఊహించి మార్చుకుంటూ పోతే ఏ సంస్థా మిగలదు. లోపం ఎక్కడుందో కనిపెట్టి, అంతవరకే బాగు చేసి, మర్నాడు పొద్దున బండిని మళ్లీ రోడ్డెక్కించాలి. రవాణా వ్యాపారంలో లాభం ఇంజిన్‌లో కన్నా వర్క్‌షాపులోనే ఎక్కువ పుడుతుంది.

సీటు జబ్బును వెతికే పద్ధతి

మెమరీ సీటును నాయుడు చూసి ఉండరు. అయినా దాని లోపం వెతికే పద్ధతి ఆయన తరం మెకానిక్కులకు బాగా తెలిసిన పద్ధతే. తేలికైనది ముందు, ఖరీదైనది చివర. ఏది బాగుందో తేల్చుకుంటూ పోతే, బాగులేనిది చివరికి మిగులుతుంది.

సీటు కింద మూడు నాలుగు నుంచి ఎనిమిది దాకా చిన్న మోటార్లుంటాయి. ముందుకూ వెనక్కూ జరపడానికి ఒకటి, ఎత్తుకు ఒకటో రెండో, వీపు వాల్చడానికి ఒకటి. ఇవి 12 వోల్టుల డీసీ మోటార్లు. మీటను ఒకవైపు నొక్కితే మోటారు అటు తిరుగుతుంది. రెండోవైపు నొక్కితే పాజిటివ్, నెగెటివ్ తారుమారై ఇటు తిరుగుతుంది. ఇంతవరకూ ఇది మామూలు పవర్ సీటే.

దానికి జ్ఞాపకం కావాలంటే మోటారు ఎంత తిరిగిందో లెక్కపెట్టాలి. పాత కార్లలో రేడియో వాల్యూము బిరడా లాంటి పొటెన్షియోమీటరు ఆ పని చేసేది. ఇప్పుడు ఎక్కువగా హాల్ సెన్సర్లు చేస్తున్నాయి. మోటారు ఇరుసు మీది అయస్కాంతం సెన్సర్ ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ ఒక విద్యుత్ సంకేతం పుడుతుంది. కంట్రోల్ యూనిట్ ఆ సంకేతాల్ని లెక్కపెట్టుకుని, సీటు ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటుంది.

కాబట్టి మొదట చూడాల్సింది అసలు లోపం ఉందా అన్నది. చాలా కార్లలో గేరు పార్కులో ఉంటేనో, బండి ఆగి ఉంటేనో తప్ప మెమరీ పనిచేయదు. అది భద్రత కోసం పెట్టిన ఏర్పాటు. సీటు పట్టాల మధ్య నీళ్ల సీసానో, నాణెమో ఇరుక్కున్నా సీటు ఆగిపోతుంది.

తర్వాత మీటతో పరీక్ష. ఏ వైపూ కదలకపోతే ఫ్యూజు, సీటుకొచ్చే ప్రధాన కరెంటు, ఎర్త్ వైరు, సీటు కింది కనెక్టరు చూడాలి. సీటు జరిగిన ప్రతిసారీ దాని కింది వైర్లు వంగుతాయి. ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి రాగి పోగులు తెగుతాయి. పైన తొడుగు మాత్రం చెక్కుచెదరదు. ఒక్క పోగు మిగిలినా, మోటారు తిరగనప్పుడు మల్టీమీటరు 12 వోల్టులే చూపిస్తుంది. అందుకే మీట నొక్కి పట్టుకుని, మోటారు మీద భారం ఉన్నప్పుడే కొలవాలి. అప్పుడు వోల్టేజీ దబ్బున పడిపోతే, దొంగ ఆ వైరులోనో, కనెక్టరులోనో ఉన్నట్టు.

అన్ని వైపులా మీటతో కదులుతూ మెమరీ మాత్రం పనిచేయకపోతే మోటార్లూ, ఫ్యూజూ బాగున్నట్టే. ఇక మిగిలింది మెమరీ బటను, సెన్సర్లు, కంట్రోల్ యూనిట్, వాటి మధ్య సంభాషణ. సీటు అర సెకను కదిలి ఆగిపోతోందంటే, మోటారు తిరుగుతున్నా సంకేతం అందడం లేదన్న మాట. కంట్రోల్ యూనిట్ సీటు ఎక్కడో ఇరుక్కుందని భయపడి కరెంటు ఆపేస్తుంది.

సాంచా మీద పనిచేసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పడుగు పోగు తెగితే సాంచా దానంతట అదే ఆగాలి. పోగులన్నీ బాగానే ఉన్నా మాటిమాటికీ ఆగుతోందంటే, తప్పు నూలుది కాదు, నూలు తెగిందని చెప్పే ఏర్పాటుది. సీటు విషయంలోనూ అంతే. మోటారు మార్చే ముందు సెన్సర్ వైరు చూడాలి.

ఒక్కోసారి అసలు ఏదీ చెడిపోదు. బ్యాటరీ మార్చినప్పుడు కంట్రోల్ యూనిట్ తన లెక్క మరిచిపోతుంది. కారును బట్టి పద్ధతి మారినా, చాలావాటిలో సీటును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పూర్తిగా జరిపి, చివర్లో కాసేపు నొక్కి పట్టుకుంటే లెక్క మళ్లీ మొదలవుతుంది. దానికి అయ్యే ఖర్చు సున్నా.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌కు, సీటు బెల్టుకు సంబంధించినవి. వాటి మీద మల్టీమీటరు పెట్టకూడదు. సీటు విప్పే ముందు బ్యాటరీ తీసేసి, కంపెనీ చెప్పినంత సేపు ఆగాలి.

పీళమేడులో తిరిగిన మోటారు

సీటు కింద తిరిగే ఆ చిన్న మోటారుకు మన దేశంలో ఒక పెద్దన్న ఉంది. అది పుట్టింది 1937లో, కోయంబత్తూరు పీళమేడులో.

అంతకు ఐదేళ్ల ముందు, 1932లో, నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. చవక కరెంటు కోయంబత్తూరుకు దిగింది. నూలు మిల్లులు వరసగా లేచాయి. చేలల్లో బావులకు మోటార్లు పెట్టాలన్న ఆశ రైతులకు కలిగింది. కానీ మోటారు కావాలంటే సీమ నుంచి రావాలి. నాయుడు, డి.బాలసుందరం నాయుడుతో కలిసి నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అనే సంస్థలో ఆ మోటారును ఇక్కడే తయారు చేశారు. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దాన్ని చెబుతారు. బాలసుందరం తర్వాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించి, నూలు మిల్లుల యంత్రాల తయారీలో పెద్ద పేరయ్యారు.

కోయంబత్తూరు పంపుసెట్ల నగరంగా ఎదగడానికి ఇది పునాది. ఆంధ్ర, తెలంగాణ రైతులు బోరుబావిలోకి దింపిన మోటార్ల మీద ఆ ఊరి పేరు చూసే ఉంటారు. దిగుమతి మోటారు కాలిపోతే కొత్తది రావడానికి నెలలు పట్టే కాలంలో, పక్క ఊళ్లోనే వైండింగ్ చేసేవాడు దొరకడం రైతుకు పంటను నిలబెట్టింది. యంత్రం తయారీ ఎక్కడ మొదలైతే దాన్ని బాగుచేసే విద్య కూడా అక్కడే పాకుతుంది.

నాయుడు అక్కడితో ఊరుకోలేదు. యూరప్, అమెరికా తిరిగారు. కెమెరా పట్టుకుని గాంధీని, నెహ్రూను, సుభాష్ చంద్రబోసును ఫొటోలు తీశారు. బ్యాటరీతో నడిచే చిన్న మోటారు పెట్టి రసాంట్ అనే గడ్డం గీసుకునే యంత్రం తయారు చేశారు. పలుచని బ్లేడ్లు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే పంకా, మోసం చేయడానికి వీల్లేని ఓట్ల యంత్రం వంటివి ఆయన జాబితాలో ఉన్నాయి. ఈవీఎం మన దేశంలో మొదటిసారి వాడింది 1982లో, కేరళలోని పరవూరులో. అప్పటికి నాయుడు పోయి ఎనిమిదేళ్లు.

1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని ఆయన ప్రకటించారు. రేడియో ఇంటి హోదాకు గుర్తుగా ఉన్న రోజులవి. ఆయన వస్తువులన్నింటిలో కనిపించే తీరు ఇదే. ఉన్నవాడి ఇంట్లోని వస్తువును విప్పి చూసి, లేనివాడికి అందే ధరకు మళ్లీ కట్టడం.

రెండు వేల రూపాయల కారు ఎందుకు రాలేదు?

1952లో నాయుడు ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును సిద్ధం చేశారు. ధర సుమారు 2,000 రూపాయలు. పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అప్పుడే అమల్లోకి వచ్చింది. ఏ వస్తువు ఎవరు, ఎంత తయారు చేయాలో ఢిల్లీ నిర్ణయించే కాలం మొదలైంది. నాయుడు కారుకు లైసెన్సు రాలేదు. తయారీ ఆగిపోయింది.

దీన్ని ఒక మేధావికి జరిగిన అన్యాయంగా మాత్రమే చెప్పడం తేలిక. కథ అంత సూటిగా లేదు. విదేశీ మారకం కరువుగా ఉన్న కొత్త దేశానికి ఉక్కు, పెట్రోలు ఎక్కడ ఖర్చు పెట్టాలన్న చింత ఉండడం సహజమే. నాయుడులోనూ ఒక బలహీనత ఉంది. రేడియో, బ్లేడు, కారు, పత్తి, బొప్పాయి అంటూ ఒకదాని తర్వాత ఒకదాని మీదికి దూకేవారు. కొత్త రకం పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పండించిన ఆయన తోటను చూడడానికి సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య లాంటివాళ్లు వచ్చారు. ఒక వస్తువును పట్టుకుని ఇరవై ఏళ్లు నిలబడితే ఏమయ్యేదో చెప్పలేం.

అయినా ఒక తేడా కళ్లకు కడుతుంది. మోటారు సైకిలు విప్పడానికి ఆయన ఎవరినీ అడగలేదు. మొదటి బస్సుకు చేతి పనినే పూచీగా పెట్టగలిగారు. పీళమేడులో మోటారు చేయడానికి కావాల్సిన విద్య ఊళ్లోనే దొరికింది. కారు దగ్గరికి వచ్చేసరికి ఒక కాగితం కావలసి వచ్చింది. చేతులు అవే. ఎదురొచ్చిన తలుపుకు మాత్రం తాళం ఉంది.

సరిగ్గా ఐదేళ్ల తర్వాత, 1957లో, అమెరికాలో ఫోర్డ్ థండర్‌బర్డ్ కారుకు డయల్ ఓ మాటిక్ అనే సీటు వచ్చింది. ఇంజిన్ ఆపితే సీటు వెనక్కి జరిగి దిగడానికి దారిచ్చేది. మళ్లీ తాళం తిప్పితే డయల్‌లో పెట్టుకున్న చోటుకు వచ్చేది. మెమరీ సీటుకు అది తొలిరూపాల్లో ఒకటి.

రెండేళ్ల చదువు చాలన్నందుకు

నాయుడు జీవితంలో ఇంకో ఓటమి ఉంది. సూరత్‌లోని తెలుగు పిల్లలకు కారు కథ కన్నా అదే దగ్గర.

1945లో ఆయన చొరవతో, విరాళంతో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజినీరింగ్ కాలేజీ మొదలయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. ఆ ఇంజినీరింగ్ కాలేజీయే నేటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. ప్రాథమిక బడి దాటని మనిషి దానికి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు.

ఇంజినీరింగ్‌కు నాలుగేళ్లు అక్కర్లేదన్నది ఆయన వాదన. రెండేళ్లు చాలు, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వేర్వేరు విడతల్లో తరగతులు పెడితే అదే భవనంలో, అదే యంత్రాల మీద ఎక్కువమంది నేర్చుకోవచ్చు అనేవారు. పని చేసుకుంటూ చదివేవాడికి ఆ సాయంత్రపు తరగతే దిక్కు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. నాయుడు పదవి వదిలేశారు.

ఆయన వాదన అంతా సరైనదని అనలేం. వంతెన కట్టేవాడికీ, విమానం రెక్క గీసేవాడికీ గణితం లోతుగా రావాలి. దానికి ఏళ్లు పడతాయి. కానీ లోపం వెతకడమనే విద్యకు ఆయన చెప్పిన పద్ధతి ఇప్పటికీ సరిపోతుంది. చెడిన యంత్రం ముందు ఉండాలి, పక్కన తెలిసినవాడు ఉండాలి, విప్పితే తిట్టేవాడు ఉండకూడదు.

1974 జనవరి 4న నాయుడు కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన పేరు మీద పారిశ్రామిక ప్రదర్శనశాల ఉంది. దానికి తోడు 2015లో గెడీ కార్ల మ్యూజియం వచ్చింది. పాత కార్ల బానెట్లు అక్కడ మెరుస్తుంటాయి. వాటి కింద ఏముందో చూస్తూ నిలబడే పిల్లల్లో ఒకడైనా ఇంటికెళ్లి ఏదో ఒకటి విప్పితే ఆ మ్యూజియం పెట్టినందుకు ఫలితం దక్కినట్టే.

ఇప్పుడు తాళం ఎవరి దగ్గర ఉంది?

మళ్లీ సీటు దగ్గరికి వద్దాం. పైన చెప్పిన వెతుకులాట అంతా కళ్లతో, మల్టీమీటరుతో అయ్యేది. కానీ కొత్త కార్లలో మీట కూడా నేరుగా మోటారుకు కరెంటు పంపదు. కంట్రోల్ యూనిట్‌కు కబురు మాత్రమే పంపుతుంది. కరెంటు ఇవ్వాలా వద్దా అన్నది ఆ యూనిటే నిర్ణయిస్తుంది. అది ఏమనుకుంటోందో తెలియాలంటే స్కానర్ కావాలి. సీటు లెక్కను మళ్లీ మొదలుపెట్టడానికీ, మార్చిన యూనిట్‌ను కారుకు పరిచయం చేయడానికీ కొన్ని కార్లలో కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. అది లేని మెకానిక్ జబ్బును సరిగ్గా పట్టుకున్నా చివరి అడుగు వేయలేడు.

ఇది ఊహ కాదు, కోర్టుల దాకా వెళ్లిన వ్యవహారం. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను బయటి గ్యారేజీలకు దొరక్కుండా చేస్తున్నాయన్నది ఆరోపణ. కంపెనీలు ఆ ఆదేశాన్ని సవాలు చేశాయి. భద్రత, నాణ్యత, దొంగతనాల నివారణ కోసమే ఈ కట్టడి అన్నది వాటి వాదన. ఎయిర్‌బ్యాగ్ వైరును తెలియనివాడు ముట్టుకుంటే ఏమవుతుందో ఆలోచిస్తే ఆ వాదనలో కొంత పస లేకపోలేదు. కానీ సీటు లెక్కను సరిచేసే సాఫ్ట్‌వేర్‌ను, ఎయిర్‌బ్యాగ్‌ను ఒకే తాళం కింద పెట్టడం న్యాయం కాదు.

2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ బాగుచేసుకునే హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి సామాన్లతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. కంపెనీలు తమ మాన్యువళ్లు, విడిభాగాల వివరాలు అక్కడ ఉంచాలన్నది ఉద్దేశం. మాన్యువల్ చేతికి వచ్చినా, దాన్ని చదివి చెప్పేవాళ్లు కావాలి. స్కానర్ దొరికినా, దాని తెర మీద వచ్చే కోడుకు అర్థం నేర్పేవాళ్లు కావాలి.

సూరత్‌లో తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటి అవసరం కోసం మధ్యలోనే పనిలోకి దిగిన కుర్రవాడికి హిందీ, గుజరాతీ మాటల్లో వచ్చేస్తాయి. ఇంగ్లిషు మాన్యువల్ మాత్రం గోడలా నిలుస్తుంది. అతని చేతిలో విద్య ఉంది, దాన్ని రుజువు చేసే కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి కంపెనీ వర్క్‌షాపులోకి రానివ్వరు. అక్కడికి వెళ్లకపోతే స్కానర్ చేతికి రాదు. ఈ వలయాన్ని తెంచడానికి నాయుడు చెప్పిన సాయంత్రపు తరగతులే పనికొస్తాయి. పగలు షెడ్డులో, సాంచా దగ్గర పనిచేసే పిల్లలకు ఐటీఐల్లో రాత్రిపూట కొన్ని నెలల కోర్సు పెట్టి, చెడిన సీట్లు, సెన్సర్లు, స్కానర్లు ముందు పెట్టి, వాళ్లకు తెలిసిన భాషలో నేర్పి, చివర పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇవ్వాలి. ఎయిర్‌బ్యాగ్ భద్రత అందులో మొదటి పాఠం కావాలి.

కారున్నవాళ్లు కూడా చేయగలిగింది ఒకటుంది. సీటు యూనిట్ మార్చాలని ఎవరు చెప్పినా, ఏ పరీక్ష చేసి ఆ మాట అంటున్నారో రాసిమ్మని అడగండి. ఫ్యూజు చూశారా, భారం మీద వోల్టేజీ కొలిచారా, సెన్సర్ సంకేతం వస్తోందా, సీటు లెక్కను మళ్లీ మొదలుపెట్టి చూశారా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబిచ్చే మెకానిక్ పెద్ద షోరూములో ఉన్నా, పర్వత్ పాటియా షెడ్డులో ఉన్నా, బండిని అతని చేతిలో పెట్టండి.